ఉరిశిక్ష పడ్డ ఆ తొమ్మిది మంది ఐరిష్ వాళ్ళ కథ ఎంతవరకు నిజం?

ప్రశ్న: మా ఫ్యామిలీ గ్రూపులో మామయ్య ఒక ఫార్వర్డ్ పెట్టారు. 1848లో ఐర్లాండులో తిరుగుబాటు చేసిన తొమ్మిది మందికి ఉరిశిక్ష పడిందట. విక్టోరియా రాణి జాలిపడి వాళ్ళను ద్వీపాంతరం పంపిందట. 1874లో, ఆస్ట్రేలియాలో కొత్తగా ప్రధాని అయినవాడు ఎవరా అని ఆరా తీస్తే ఆ తొమ్మిది మందిలో ఒకడని తేలిందట. మిగతా ఎనిమిది మంది కూడా జనరళ్ళు, గవర్నర్లు, మంత్రులు అయిపోయారట. ఇది నిజమేనా? నిజమైతే ఐరిష్ వాళ్ళు పరాయి దేశాల్లో అంత పైకి ఎలా వెళ్ళారు? మన ప్రాంతానికి ఏమైనా సంబంధం ఉందా?

జవాబు:

ఈ ఫార్వర్డ్ నాకు పాత చుట్టమే. వాట్సాప్ రాకముందు ఈమెయిల్లో తిరిగేది. ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి, ఏడాదికి ఒక్కరైనా దీన్ని నాకు పంపి "సార్, నిజమేనా?" అని అడుగుతుంటారు. సగం నిజం, సగం వంటకం. వండినవాడి మీద నా కోపం అబద్ధాలు కలిపినందుకు కాదు, ఉన్న నిజాన్ని చప్పగా చేసినందుకు.

ముందు 1848 సంగతి. బంగాళదుంప పంటకు తెగులు పట్టి 1845 నుంచి ఐర్లాండులో కరువు. పది లక్షల మంది దాకా ఆకలితోనూ విషజ్వరాలతోనూ పోయారు, ఇంకో పది లక్షల పైచిలుకు ఓడలెక్కి దేశం విడిచారు. 1841లో 80 లక్షలు దాటిన ఆ ద్వీపం జనాభా ఈనాటికీ మళ్ళీ ఆ అంకెను అందుకోలేదు. ఆ రోజుల్లో "ది నేషన్" అనే పత్రిక చుట్టూ చేరిన చదువుకున్న కుర్రవాళ్ళను యంగ్ ఐర్లాండ్ వాళ్ళు అనేవారు. ఆకలితో నిలబడలేని జనాన్ని నమ్ముకుని వాళ్ళు తిరుగుబాటుకు దిగారు.

అది ఎలా ముగిసిందో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1848 జూలై 29న టిప్పరరీ కౌంటీలో బాలింగారీ ఊరి దగ్గర తిరుగుబాటుదారుల గుంపు నలభై పైచిలుకు పోలీసులను తరిమింది. పోలీసులు పరిగెత్తి మెకార్మాక్ అనే వితంతువు ఇంట్లో దూరి తలుపులు బిగించుకున్నారు. ఆవిడ ఇంట్లో లేదు, పిల్లలు మాత్రం లోపలే ఉన్నారు. నాయకుడు విలియం స్మిత్ ఓబ్రయన్ కిటికీ దగ్గరికి వెళ్ళి ఆయుధాలు ఇచ్చేయండి, ప్రాణాలకు భయం లేదు అని బేరం మాట్లాడుతుండగానే కాల్పులు మొదలయ్యాయి. ఇద్దరు తిరుగుబాటుదారులు చనిపోయారు. ఇంకో పోలీసు దళం రావడంతో గుంపు చెదిరిపోయింది. తిరుగుబాటు అంటే దాదాపు అంతే. ఎగతాళి చేసేవాళ్ళు దీనికి క్యాబేజీ తోట యుద్ధమని పేరు పెట్టారు.

క్లాన్‌మెల్ కోర్టులో రాజద్రోహం కింద మరణశిక్ష పడింది నలుగురికి. తొమ్మిది మందికి కాదు. స్మిత్ ఓబ్రయన్, థామస్ ఫ్రాన్సిస్ మార్, టెరెన్స్ మెక్‌మానస్, ప్యాట్రిక్ ఓడొనహ్యూ. ఉరి అంటే మామూలు ఉరి కూడా కాదు, ఉరితీసి, తల నరికి, శరీరాన్ని నాలుగు ముక్కలు చేయాలని పాత చట్టంలో ఉన్న శిక్ష. రాణి జాలిపడిందనే ముక్కను సరిచేయాలి. జ్యూరీయే కనికరం చూపమని సిఫారసు చేసింది. వీళ్ళను చంపితే అమరవీరులవుతారని ప్రభుత్వానికీ తెలుసు. కానీ ఇక్కడ ఒక తమాషా జరిగింది. రాజద్రోహ శిక్షను ద్వీపాంతరంగా మార్చే అధికారం చట్టంలో లేదని, తమకు ఆ దయ అక్కర్లేదని ఖైదీలే అడ్డం తిరిగారు. దాంతో పార్లమెంటు 1849లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసి మరీ వాళ్ళను ఓడెక్కించింది. చావనివ్వకుండా ఉంచడానికి చట్టం చేయాల్సి రావడం ఎంత విడ్డూరమో ఊహించుకోండి. "స్విఫ్ట్" అనే ఓడలో నలుగురినీ వాన్ డీమెన్స్ లాండుకు, అంటే ఇప్పటి టాస్మానియాకు పంపారు.

ఇక ఫార్వర్డ్‌లోని పేర్లకు వద్దాం. అందులో అసలు హీరో చార్లెస్ గావన్ డఫీ. "ది నేషన్" పత్రికను 1842లో స్థాపించిన ముగ్గురిలో ఒకడు. ఆయన మీద కేసు పెట్టి మళ్ళీ మళ్ళీ విచారించారు, ఒక్కసారీ శిక్ష వేయించలేకపోయారు. 1849లో విడుదలయ్యాడు. అంటే ఉరీ లేదు, ద్వీపాంతరమూ లేదు. పార్లమెంటు సభ్యుడయ్యాడు, కౌలు రైతుల హక్కుల కోసం ప్రయత్నించి విసిగిపోయి 1855లో తనంతట తాను టికెట్టు కొనుక్కుని మెల్‌బోర్న్ వెళ్ళాడు. అక్కడ శాసనసభకు పోటీ చేయాలంటే ఆస్తి ఉండాలి, ఆయన దగ్గర లేదు. అభిమానులు చందాలు వేసుకుని 5,000 పౌండ్ల ఆస్తి సమకూర్చారు. స్వాగత విందులోనే, తాను ఎముకల మూలుగదాకా ఐరిష్ తిరుగుబాటుదారుణ్ణేనని చెప్పాడు. అదే మనిషి 1871 జూన్‌లో విక్టోరియా కాలనీకి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, అయ్యాడు, ఏడాదికి పదవి పోయింది, 1873లో సర్ బిరుదు కూడా పుచ్చుకున్నాడు. ఆస్ట్రేలియా ప్రధాని అనే మాట అసాధ్యం, ఎందుకంటే ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏర్పడింది 1901లో. ఫార్వర్డ్‌లో చెప్పిన 1874 నాటికి డఫీ పదవి దిగి రెండేళ్ళయింది.

థామస్ ఫ్రాన్సిస్ మార్ పేరును ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మనవాళ్ళు మీగర్ అంటారు, పలికేది మార్ అనే. వాటర్‌ఫర్డ్‌లో సంపన్న వర్తక కుటుంబం. ఈనాటి ఐర్లాండు ఆకుపచ్చ, తెలుపు, నారింజ జెండాను మొదటిసారి 1848 మార్చిలో ఆ ఊళ్ళోనే ఎగరేశాడు. 1852లో టాస్మానియా నుంచి తప్పించుకుని న్యూయార్క్ చేరాడు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక ఉత్తరాది తరఫున ఐరిష్ వాళ్ళతో ఐరిష్ బ్రిగేడ్ కూడగట్టి బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. ఇది అక్షరాలా నిజం. కానీ ఫార్వర్డ్ అక్కడితో ఆపేస్తుంది, ఆ బ్రిగేడ్ ఏమైందో చెప్పదు. 1862 డిసెంబరు 13న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో కొండ కింద రాతి గోడ వెనక దాక్కున్న శత్రువు మీదికి వాళ్ళను నడిపించారు. టోపీల్లో ఆకుపచ్చ రెమ్మలు పెట్టుకుని వెళ్ళిన దాదాపు 1,200 మందిలో 500 పైచిలుకు చచ్చారు, గాయపడ్డారు. గోడకు అవతల తుపాకులు పట్టుకున్న జార్జియా సైనికుల్లో కూడా చాలామంది ఐరిష్ వాళ్ళే. ఇక్కడ యుద్ధం నేర్చుకుని రేపు ఐర్లాండు కోసం పోరాడతారని మార్ ఆశ. ఆ నేర్చుకున్నవాళ్ళలో చాలామంది వర్జీనియా మట్టిలోనే ఉన్నారు.

యుద్ధం తర్వాత ఆయన్ను మోంటానా టెరిటరీకి కార్యదర్శిగా వేస్తే, గవర్నరు లేని కాలమంతా తాత్కాలిక గవర్నరుగా చేశాడు. ఒకప్పుడు తన జాతిని అణచొద్దని తిరుగుబాటుకు దిగిన మనిషి, మోంటానాలో ఆదివాసుల మీదికి వలంటీర్ల దళాన్ని లేపాడు. 1867 జూలై 1 రాత్రి ఫోర్ట్ బెంటన్ దగ్గర స్టీమరు మీద నుంచి మిస్సోరి నదిలో పడిపోయాడు. తాగి పడ్డాడో, ఎవరైనా తోశారో తేలలేదు, శవం దొరకలేదు. వయసు 43. అంటే 1874లో రాణిగారు ఆరా తీసేనాటికి ఈయన పోయి ఏడేళ్ళు.

మెక్‌మానస్, ఓడొనహ్యూ ఇద్దరూ అమెరికా సైన్యంలో బ్రిగేడియర్ జనరళ్ళు అయ్యారని ఫార్వర్డ్ చెబుతుంది. పచ్చి అబద్ధం. ఓడొనహ్యూ ఎన్నో బాధలు పడి టాస్మానియా నుంచి తప్పించుకుని న్యూయార్క్ చేరి 1854లోనే చనిపోయాడు. మెక్‌మానస్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం పెట్టి చితికిపోయి 1861లో పేదవాడిగా పోయాడు. ఆయన గొప్పతనం చచ్చాక వచ్చింది. ఐర్లాండు స్వాతంత్ర్యం కోసం ఆయుధాలు పట్టాలనే ఫీనియన్లు ఆయన శవాన్ని సమాధిలోంచి తీసి న్యూయార్క్ మీదుగా డబ్లిన్ దాకా తీసుకొచ్చారు. కేథడ్రల్‌లో ఉంచడానికి ఆర్చ్‌బిషప్ ఒప్పుకోలేదు. అయినా ఆ నవంబరులో డబ్లిన్ వీధులు నిండిపోయాయి. ఆ ఊరేగింపుతోనే ఫీనియన్ ఉద్యమానికి జనంలో బలం వచ్చింది.

థామస్ డార్సీ మెగీ సంగతి వేరు. ఆయన పట్టుబడలేదు, పాదిరీ వేషంలో అమెరికా పారిపోయాడు. 1857లో మాంట్రియాల్ వెళ్ళి పత్రిక పెట్టి, ఆ ఏడాది చివరికే శాసనసభకు గెలిచాడు. కెనడాను ఒక్క దేశంగా కలిపిన నాయకుల్లో ఆయన ఒకడు. దారిలో పూర్తిగా మారిపోయాడు. బ్రిటిష్ రాణి నీడలోనే స్వపరిపాలన చాలన్నాడు, కెనడా మీద దాడులు చేస్తున్న ఫీనియన్లను బాహాటంగా తిట్టాడు. 1868 ఏప్రిల్ 7 తెల్లవారుజామున, పార్లమెంటులో ప్రసంగించి ఒట్టావాలో తన అద్దె గదికి వచ్చి తలుపు తీస్తుండగా వెనక నుంచి కాల్చి చంపారు. హత్యానేరం మీద ఉరితీసిన ప్యాట్రిక్ జేమ్స్ వీలన్ కూడా ఐరిష్ వాడే. మెగీ అంత్యక్రియలు జరిగిన రోజు ఆయన 43వ పుట్టినరోజు.

జాన్ మిచెల్ గురించి రాయాలంటే నాకు చెయ్యి సాగదు. కలం పట్టుకుంటే ఆ తరంలో ఆయనంతటివాడు లేడు. 1848 మేలోనే, అంటే తిరుగుబాటుకు ముందే, పద్నాలుగేళ్ళ ద్వీపాంతరం వేశారు, ఉరి కాదు. బెర్ముడా, దక్షిణాఫ్రికాలోని కేప్, చివరికి టాస్మానియా తిరిగి 1853లో తప్పించుకున్నాడు. న్యూయార్క్‌లో మార్‌తో కలిసి "ది సిటిజన్" అనే పత్రిక పెట్టాడు. అందులోనే బానిసత్వం తప్పేమీ కాదని, బానిసలతో నిండిన తోట ఒకటి అలబామాలో తనకూ ఉంటే బాగుండునని రాశాడు. తన దేశపు సంకెళ్ళ మీద నిప్పులు కురిపించినవాడికి ఇంకొకరి కాళ్ళకున్న సంకెళ్ళు కనబడలేదు. అంతర్యుద్ధంలో దక్షిణాది వైపు నిలబడ్డాడు. ముగ్గురు కొడుకులు ఆ సైన్యంలో చేరారు. చిన్నవాడు గెటిస్‌బర్గ్‌లో, పెద్దవాడు ఫోర్ట్ సమ్టర్‌లో చచ్చారు, మిగిలినవాడు ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. ఒకే పత్రికకు ఇద్దరు సంపాదకులు, పదేళ్ళు తిరక్కుండానే ఎదురెదురు సైన్యాలు. 1914లో న్యూయార్క్ మేయరైన జాన్ పరోయ్ మిచెల్ ఈయన కొడుకని ఫార్వర్డ్ అంటుంది, నిజానికి మనవడు, ఆ చెయ్యి పోయిన కొడుకు బిడ్డ.

మిగతావి తొందరగా తేల్చేద్దాం. రిచర్డ్ ఓగోర్మన్ న్యూఫౌండ్‌లాండ్ గవర్నర్ జనరల్ కాలేదు. పట్టుబడకుండా తప్పించుకుని న్యూయార్క్‌లో వకీలు, తర్వాత జడ్జి అయ్యాడు. మోరిస్ లీన్, మైకేల్ ఐర్లాండ్ వరసగా ఆస్ట్రేలియా అటార్నీ జనరళ్ళు అయ్యారన్నది కూడా వంటకమే. విక్టోరియా కాలనీలో రిచర్డ్ డేవిస్ ఐర్లాండ్ అనే అటార్నీ జనరల్ ఉండేవాడు, ఆయనకు ఎవరూ ఉరిశిక్ష వేయలేదు. ఆ ఇంటిపేరు చూసి ఎవరో ముడిపెట్టినట్టున్నారు. కోర్టులో "ఇది మా మొదటి తప్పు, ఆఖరిది కాదు" అనే డైలాగు కూడా సినిమా డైలాగే.

నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించేది వేరే ఉంది. తిరుగుబాటుకు నాయకుడు, శిక్ష పడ్డ నలుగురిలో మొదటివాడు స్మిత్ ఓబ్రయన్. ఆ ఫార్వర్డ్‌లో ఆయన పేరే లేదు! ఎందుకంటే ఆయన ఎక్కడా జనరల్ కాలేదు, గవర్నరూ కాలేదు. ప్రొటెస్టెంట్ జమీందారీ కుటుంబంలో పుట్టి, పార్లమెంటు సభ్యుడై ఉండి, ఆకలితో చచ్చినవాళ్ళ పక్షాన నిలబడి అన్నీ పోగొట్టుకున్నాడు. మాట ఇస్తే జైలు బయట తిరగనిస్తామంటే ఒప్పుకోక ఒంటరి నిర్బంధం అనుభవించాడు. 1856లో పూర్తి క్షమాభిక్షతో ఇంటికొచ్చి, రాజకీయాల జోలికి వెళ్ళకుండా 1864లో పోయాడు. అలాగే కెవిన్ ఐజాడ్ ఓడొహర్టీ పేరూ లేదు. వైద్య విద్యార్థిగా ఉండగా పదేళ్ళ ద్వీపాంతరం పడ్డవాడు, తర్వాత డాక్టరై క్వీన్స్‌లాండ్ శాసనసభకు వెళ్ళాడు. కథకు నిజంగా సరిపోయే మనిషిని వదిలేసి సరిపోని ఐదుగురిని ఇరికించారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, అంత పైకి ఎలా వెళ్ళారు అని. తెలివితేటలు, ధైర్యం అని చెప్పి తప్పుకోవచ్చు. కానీ అవే తెలివితేటలు ఐర్లాండులోనూ ఉన్నాయిగా, అక్కడేం పనికొచ్చాయి? నేను గమనించింది ఏమిటంటే, గెలిచిన ప్రతివాడి వెనకా సొంతవాళ్ళ గుంపు ఒకటి అప్పటికే అక్కడ ఉంది. మెల్‌బోర్న్‌లో బంగారు గనులకు వచ్చిన ఐరిష్ ఓటర్లు లేకపోతే డఫీ లేడు. మాంట్రియాల్‌లో ఐరిష్ వార్డులు లేకపోతే మెగీ లేడు. న్యూయార్క్‌లో కరువు నుంచి పారిపోయి వచ్చిన కూలీలు లేకపోతే మార్‌కు బ్రిగేడే లేదు. రెండోది, అవి కొత్త చోట్లు. విక్టోరియా కాలనీకి స్వపరిపాలన అప్పుడే వచ్చింది, మోంటానా అప్పుడే పుట్టింది. తాతల నాటి పెద్దమనుషులు కుర్చీలు ఆక్రమించుకుని లేరు. ఐర్లాండులో ఆ కుర్చీల్లో ఎవరున్నారో తెలియాలంటే ఇంకో నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1691లో ఐర్లాండులోని లిమరిక్ కోట ఇంగ్లండు ప్రొటెస్టెంట్ రాజు సైన్యానికి లొంగిపోయింది. ఒప్పందం ప్రకారం ఓడిన ఐరిష్ కాథలిక్ సైనికులు ఫ్రాన్స్ వెళ్ళిపోవచ్చు. ప్యాట్రిక్ సార్స్‌ఫీల్డ్ వెంట సుమారు 14,000 మంది వెళ్ళారు. వీళ్ళనే వైల్డ్ గీస్ అంటారు, అడవి బాతులు. ఐర్లాండులో మిగిలిపోయిన కాథలిక్కుల మీద ఒకదాని తర్వాత ఒకటి చట్టాలు వచ్చిపడ్డాయి. కాథలిక్కు సైన్యంలో అధికారి కాకూడదు. 1728 నుంచి ఓటు లేదు. తండ్రి భూమిని కొడుకులందరికీ ముక్కలు చేయాలి, పెద్దకొడుకు ప్రొటెస్టెంట్ అయితే మాత్రం మొత్తం వాడిదే. ఆఖరికి 5 పౌండ్ల కంటే విలువైన గుర్రం ఉండకూడదు. ఎవరైనా ప్రొటెస్టెంట్ 5 పౌండ్లు చేతిలో పెడితే ఎంత మంచి గుర్రమైనా ఇచ్చేయాలి. మంచి వంశంలో పుట్టి, కత్తి తిప్పడం వచ్చి, ఇంట్లో గుర్రం కూడా ఉంచుకోలేనివాడు ఏం చేస్తాడు? పక్క రాజు దగ్గరికి పోతాడు. ఫ్రాన్స్, స్పెయిన్, ఆస్ట్రియా కాథలిక్ రాజులకు సైనికులు కావాలి. అక్కడ ఐరిష్ రెజిమెంట్లు ముందే ఉన్నాయి, మామయ్యో బాబాయో అందులో అధికారి. మళ్ళీ అదే గుంపు సూత్రం.

పీటర్ లేసీ అనే కుర్రాడు పదమూడేళ్ళప్పుడు లిమరిక్ కోటలో పోరాడి వాళ్ళతో బయల్దేరాడు. చివరికి రష్యాలో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. కొడుకు ఆస్ట్రియాలో ఫీల్డ్ మార్షల్. 1873లో ఫ్రాన్స్ అధ్యక్షుడైన మక్‌మహోన్ కూడా ఈ వలస వంశాలవాడే. చే గువేరా తండ్రి పేరులో ఉన్న లించ్ అనే ముక్క గాల్వే నుంచి బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళినదే. మేయో కౌంటీలో పుట్టిన విలియం బ్రౌన్ అర్జెంటీనా నౌకాదళాన్ని స్థాపించి 1814లో మాంటెవిడియో దగ్గర స్పెయిన్ ఓడలను ఓడించాడు.

అన్నిటికంటే నాకిష్టమైన కథ ఓహిగిన్స్ తండ్రీకొడుకులది. ఆంబ్రోసియో ఓహిగిన్స్ 1720 ప్రాంతంలో స్లైగో కౌంటీలోని బాలినారీలో, భూములు పోగొట్టుకున్న కుటుంబంలో పుట్టాడు. స్పెయిన్‌లో కాడిజ్ రేవుకు వెళ్ళి వర్తకంలో చేరాడు, అక్కడి నుంచి దక్షిణ అమెరికా. ఆండీస్ కొండలు దాటేటప్పుడు మంచులో చావు దగ్గరదాకా వెళ్ళొచ్చి, దారి పొడవునా బాటసారులకు ఇటుక గుడిసెలు కట్టించే పనికి పూనుకున్నాడు. సైన్యంలో చేరేసరికే నడివయసు. 1788లో చిలీ గవర్నర్, 1796లో పెరూ వైస్రాయ్. స్పెయిన్ సామ్రాజ్యంలో అంతకు మించిన ఉద్యోగం కొద్ది. ఆదివాసులను భూస్వాములకు అప్పగించే ఎంకొమియెండా పద్ధతిని చిలీలో రద్దు చేశాడు. తన పల్లె పేరును అక్కడొక కొత్త ఊరికి పెట్టాడు, ఈనాటి వల్లెనార్ అదే.

కొడుకు బెర్నార్డో 1778లో పుట్టాడు, పెళ్ళి కాకుండా. తండ్రి చదువు చెప్పించాడు, లండన్ పంపాడు, ఎదుట మాత్రం నిలబెట్టుకోలేదు. తల్లి ఇంటిపేరు రిక్వెల్మేతోనే పెరిగాడు. లండన్‌లో మిరాండా అనే విప్లవకారుడి శిష్యుడై స్పెయిన్‌ను తరిమేయాలనే ఆలోచన నెత్తికెక్కించుకున్నాడు. ఇక్కడ స్పెయిన్ రాజు వైస్రాయ్, అక్కడ ఆయన కొడుకే రాజద్రోహి! ఈ సంగతి మాడ్రిడ్‌కు తెలియడం కూడా తండ్రి పదవి ఊడటానికి ఒక కారణం. 1801లో తండ్రి పోయాక ఆ ఇంటిపేరూ ఎస్టేటూ కొడుక్కు దక్కాయి. 1817లో చకబూకో యుద్ధం గెలిచి బెర్నార్డో చిలీ సర్వోన్నత డైరెక్టర్, అంటే దేశాధినేత, అయ్యాడు. బిరుదులు, వంశ చిహ్నాలు రద్దు చేశాడు. భూస్వాములు ఊరుకుంటారా? 1823లో దింపేశారు. పెరూలో ప్రవాసంలోనే 1842లో పోయాడు. ఇప్పుడు శాంటియాగోలో పెద్ద రోడ్డుకు ఆయన పేరే. ఆయన వలసవాడు కాదు, అక్కడే పుట్టినవాడు. కానీ తండ్రి వలస లేకపోతే ఆ కథే లేదు.

మన ప్రాంతానికి సంబంధం ఉందా అన్నారు. గట్టి సంబంధమే ఉంది, మన పాఠాల్లో ఆ కోణం చెప్పరు, అంతే. 1758లో ఫ్రెంచివాళ్ళ తరఫున పుదుచ్చేరికి సర్వాధికారిగా దిగిన కౌంట్ లాలీ ఎవరనుకున్నారు? గాల్వే కౌంటీలో ట్యూమ్ దగ్గరి ఓలాలీ వంశం. తండ్రి వైల్డ్ గీస్‌లో ఒకడు, కొడుకు ఫ్రాన్స్‌లోనే పుట్టాడు. 1745లో ఫాంటెనాయ్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళను చితక్కొట్టినందుకు రాజు రణరంగంలోనే బ్రిగేడియర్‌ను చేశాడు. ధైర్యం అపారం, నోరు దురుసు, ఇండియా గురించి తెలిసింది శూన్యం. మద్రాసు ముట్టడి కోసమని ఆయన చేసిన మొదటి పెద్ద తప్పు హైదరాబాదు నిజాం దగ్గర పట్టు బిగించి కూర్చున్న ఫ్రెంచి సేనాని బుస్సీని వెనక్కి పిలవడం. బొబ్బిలి యుద్ధంలో విజయనగరం వైపు నిలబడ్డ ఆ బుస్సీయే. ఆయన కదలగానే విజయనగరం ఆనందగజపతి ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. క్లైవ్ బెంగాల్ నుంచి ఫ్రాన్సిస్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. ఆ ఫోర్డ్ ఐర్లాండులో డౌన్ కౌంటీ సీఫోర్డ్ కుటుంబంవాడు.

1760 జనవరి 22న వందవాసిలో లాలీ ఓడిపోయింది అయిర్ కూట్ చేతిలో. కూట్ కూడా లిమరిక్ వాడే. అంటే దక్షిణ భారతదేశం ఫ్రెంచివాళ్ళదా, ఇంగ్లీషువాళ్ళదా అని తేలిన రోజున రెండు వైపులా నాయకులు ఐరిష్ మూలాలవాళ్ళు. తేడా ఒక్కటే. కూట్ పూర్వీకులు సైనికులుగా ఇంగ్లండు నుంచి వచ్చి ఐర్లాండులో భూములు సంపాదించుకున్నవాళ్ళు, లాలీ పూర్వీకులు భూములు పోగొట్టుకున్నవాళ్ళు. లిమరిక్‌లో సగంలో ఆగిన లెక్కను ఇక్కడ, మన తాతముత్తాతల పొలాల్లో, తేల్చుకున్నారు. 1761లో పుదుచ్చేరి లొంగిపోయింది. ఖైదీగా లండన్ వెళ్ళిన లాలీ, తన మీద పారిస్‌లో ద్రోహి అని నిందలు వేస్తున్నారని తెలిసి, జవాబు చెప్పడానికి కావాలని ఫ్రాన్స్ వెళ్ళాడు. బాస్టీల్ జైల్లో పెట్టారు. 1766 మే 9న మాట్లాడకుండా నోట్లో గుడ్డలు కుక్కి తల నరికారు. వోల్టేర్ ఆయన తరఫున కలం పట్టాడు, 1778లో ఆ తీర్పును కొట్టేశారు, పోయిన తల రాదుగా. పరాయి కొలువులో ఓడిపోతే మొదట పరాయివాడే దొరుకుతాడు. గెలిచినవాళ్ళ జాబితాలు తిప్పే ఫార్వర్డ్‌లలో లాలీ పేరు ఎప్పుడూ కనబడదు.

1800లో రాయలసీమను నిజాం నుంచి కంపెనీ చేతికి తెచ్చిన గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లస్లీ కూడా ఐర్లాండులోనే పుట్టాడు. కానీ ఆయన ఏలిన వర్గంవాడు, దేశం విడిచి బతుకు వెతుక్కున్నవాడు కాదు. ఆయన్ను వీళ్ళతో కలపను.

కలపాల్సిన ఇంకొకరు మాత్రం ఉన్నారు, ఈ జాబితాల్లో ఆడవాళ్ళు ఉండరు కాబట్టి చెబుతున్నాను. మార్గరెట్ కజిన్స్ 1878లో రాస్‌కామన్ కౌంటీలోని బోయిల్‌లో పుట్టింది. ఐర్లాండులో ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడి జైలుకెళ్ళింది. 1915లో భర్త జేమ్స్‌తో ఇక్కడికొచ్చి మదనపల్లెలో ఉంది. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో, ఇండియా వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి భారత స్త్రీలకు ఓటు అడిగిన బృందాన్ని కూడగట్టింది ఈవిడే. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమన పాడితే, దానికి స్వరాలు రాసిపెట్టింది కూడా ఈవిడే. 1927లో అఖిల భారత మహిళా సమావేశం ఏర్పడటంలో ముందున్నది, 1932లో బ్రిటిష్ ప్రభుత్వ ఆర్డినెన్సులను ధిక్కరించి వెల్లూరు జైల్లో కూర్చున్నది ఈవిడే. డబ్లిన్‌లో మొదలుపెట్టిన పనినే మద్రాసులోనూ చేసింది. ఏ సైన్యమూ లేకుండా, వెనక ఏ ఐరిష్ గుంపూ లేకుండా వచ్చింది. నేను పైన చెప్పిన సూత్రం ఈవిడ దగ్గర చెల్లదు, అది ఒప్పుకుంటాను.

మీ మామయ్యగారికి గ్రూపులో ఏం రాయాలో కూడా చెబుతాను, లేకపోతే పండగకు వెళ్ళినప్పుడు గొడవ. "మామయ్యా, ఉరిశిక్ష పడింది నలుగురికి. వాళ్ళలో జనరల్ అయింది ఒక్కడే. డఫీ, మెగీ నిజంగానే పెద్దవాళ్ళయ్యారు కానీ వాళ్ళకు శిక్షే పడలేదు. అసలు నాయకుడు స్మిత్ ఓబ్రయన్, ఆయన పేరు మీ మెసేజ్‌లో లేదు" అని రాయండి. ఆయన ఎలాగూ ఇంకో గ్రూపుకు ఫార్వర్డ్ చేస్తారు. ఈసారి ఓబ్రయన్ పేరైనా దానితోపాటు వెళ్తుంది.